కదలని బంతి

గోల్ఫ్ ఆటగాళ్ళ టెన్షన్ మీద జరిగిన ప్రసంగం ఇది, రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం. మిగతాదంతా వక్త మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందాండీ? సరే. మాట్లాడే ముందు ఒక చిన్న పని ఉంది. ఇదిగో, నా దగ్గర ఒక పట్టర్ ఉంది, అంటే బంతిని నేల మీద దొర్లించే గోల్ఫ్ కర్ర, ఒక గోల్ఫ్ బంతి ఉంది, ఒక గ్లాసు ఉంది. గ్లాసుని ఇలా పడుకోబెడుతున్నాను. అక్కడి నుంచి ఇక్కడికి మూడడుగులు ఉంటుంది. ఎవరైనా ఒకరు రండి, జీవితంలో ఎప్పుడూ గోల్ఫ్ ఆడనివాళ్ళే రావాలి. రా తమ్ముడూ, మొహమాటం ఎందుకు, రా. ఆ బంతిని మెల్లగా గ్లాసులోకి తోసెయ్, అంతే. ఆ, పడింది. ఇంకోసారి. మళ్ళీ పడింది. చూశారుగా, ఎవరూ నేర్పకుండానే రెండుకి రెండు. ఇప్పుడు మూడోది. ఒక్క మాట తమ్ముడూ, ఇది కూడా పడితే ఈ చేతి గడియారం నీదే. జోక్ కాదు, నిజంగానే ఇస్తాను. అందరూ కాస్త నిశ్శబ్దంగా ఉండండి, ఆ మూల మాట్లాడకండి, అబ్బాయి చూసుకుంటున్నాడు. తొందరేం లేదు నాన్నా, ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో.

పోయింది. పక్కనుంచి వెళ్ళిపోయింది. నవ్వకండి పాపం. నువ్వు వెళ్ళి కూర్చో, కానీ బంతి తెచ్చి మొదట ఉన్నచోటే పెట్టేసి వెళ్ళు. గ్లాసూ అలాగే ఉండనీ. మళ్ళీ పిలుస్తాను.

ఇప్పుడు చెప్పండి, రెండోసారికీ మూడోసారికీ మధ్య ఏం మారింది? బంతి అదే, గ్లాసు అదే, దూరం అదే. గడియారం అంటారా? అది మీ అందరికీ కనపడింది. కానీ నేను ఇంకో పని కూడా చేశాను, అది మీరు గమనించి ఉండరు. అతనికి టైమ్ ఇచ్చాను. ఎంతసేపైనా చూసుకో అన్నాను. అది సాయం అనుకున్నారు కదా మీరు? అతనూ అలాగే అనుకున్నాడు. నిజానికి నేను అతనికి చేసిన ద్రోహం అదే.

ఈ రోజు నేను చెప్పబోయేది మొత్తం ఈ ఒక్క ముక్కే. పెద్ద గోల్ఫర్ల టెన్షన్ అనగానే మనకి కోట్ల ప్రైజ్ మనీ, టీవీ కెమెరాలు, చుట్టూ జనం గుర్తొస్తారు. అవన్నీ ఉన్నాయి, లేవనను. కానీ ఇన్నేళ్ళు ఈ ఆట చూశాక, కాస్తో కూస్తో ఆడాక (ఆడాను అనడం కూడా ఎక్కువే, నాతో ఆడినవాళ్ళు ఇక్కడ ఒకరిద్దరున్నారు, వాళ్ళు నవ్వుతున్నారు), నాకు అర్థమైంది ఏంటంటే, అసలు బరువంతా బంతి కదలకపోవడంలో ఉంది.

క్రికెట్ తీసుకోండి. ఫాస్ట్ బౌలర్ చేతిలోంచి బంతి వచ్చాక బ్యాటర్‌కి ఉండేది అర సెకను, అంతకన్నా తక్కువే. భయపడే తీరిక ఎక్కడిది? శరీరం తన పని తాను చేసేస్తుంది. టెన్నిస్ కూడా అంతే, సర్వీస్ ఒక్కటి పక్కన పెడితే. గోల్ఫ్‌లో బంతి గడ్డి మీద కూర్చుని మీ వైపే చూస్తూ ఉంటుంది. మీరు కొట్టేదాకా కదలదు. ఎవరూ మీ మీదకి విసరరు, ఎవరూ అడ్డం రారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారట, ఇక్కడ అనడానికి మద్దెల కూడా లేదు. మద్దెలలు మార్చేవాళ్ళు మాత్రం బోలెడంత మంది ఉన్నారనుకోండి, నాలుగు పట్‌లు, అంటే పట్టర్‌తో దొర్లించే షాట్లు, పోతే చాలు, కొత్త పట్టర్ కొనేస్తారు.

ఒక రౌండు అంటే పద్దెనిమిది హోల్స్, ఒకదాని తర్వాత ఒకటి బంతి వేయాల్సిన గుంటలు. పెద్ద టోర్నమెంట్లలో నాలుగు, నాలుగున్నర గంటలు పడుతుంది, ఒక్కోసారి అయిదు. అందులో మంచి ఆటగాడు కొట్టేది డెబ్బై షాట్లు, స్ట్రోకులు అన్నా అవే, ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. క్లబ్బు, అంటే ఆ కర్ర, ఊపడానికి సెకనో సెకనున్నరో. అన్నీ కలిపినా రెండు నిమిషాల పని. మరి మిగతా నాలుగు గంటల పైచిలుకు ఏం చేస్తాడు? నడుస్తాడు. నిలబడతాడు. గాలి చూస్తాడు. అవతలివాడు కొట్టేదాకా ఆగుతాడు. ఆ ఖాళీ అంతా ఆలోచనలదే. ఇందాక మూడో హోల్‌లో చేసిన తప్పు, ఇంకో మూడు హోల్స్ తర్వాత రాబోయే చెరువు, రెండూ వరుసగా వచ్చి పలకరిస్తుంటాయి. మనకి పరీక్ష రాసేటప్పుడు ఆలోచించే టైమ్ దొరికితే వరం. ఇక్కడ అదే శాపం.

పైగా ఆ నిశ్శబ్దం ఒకటి. వేరే ఆటల్లో జనం అరుస్తారు, ఈ ఆటలో వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తారు. అరుపు ఏదో ఒక గోలలే అని వదిలేయొచ్చు, ఇంతమంది నా కోసమే ఆగారు అనే నిశ్శబ్దాన్ని ఎలా వదిలేస్తాం? ఇప్పుడా మర్యాద కూడా తగ్గుతోంది లెండి. 2025లో, అమెరికా జట్టూ యూరప్ జట్టూ తలపడే రైడర్ కప్‌లో, న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్‌లో, యూరప్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ కొట్టబోతుంటే జనం బూతులు తిట్టారు. అయినా నాకనిపిస్తుంది, తిట్లకంటే ఆ నిశ్శబ్దానికే ఎక్కువమంది బలయ్యారని.

మీరెప్పుడైనా బ్యాంకులో ఇరుక్కున్నారా? సంతకం సరిపోలేదండీ, మళ్ళీ పెట్టండి అంటారు. ముప్పై ఏళ్ళుగా పెడుతున్న సంతకమే. ఇప్పుడు పెన్ను పట్టుకుంటే చేయి ఆగిపోతుంది. మొదటి అక్షరం ఎటు తిప్పేవాణ్ణి? కింద గీత ఉందా లేదా? జాగ్రత్త పడేకొద్దీ మన సంతకం మనకే దొంగ సంతకంలా కనిపిస్తుంది. చేయి తనంతట తాను చేసుకునే పనిలోకి బుర్ర వెళ్ళి తలదూర్చిందన్నమాట. గోల్ఫర్‌కి సరిగ్గా ఇదే జరుగుతుంది, కాకపోతే లక్షలమంది చూస్తుండగా.

దీని ముదిరిన రూపానికి యిప్స్ అని పేరు. పాత తరం ఛాంపియన్ టామీ ఆర్మర్ ఆ మాటని వ్యాప్తిలోకి తెచ్చాడు. చిన్న పట్ వేయబోతే మణికట్టు దానంతటదే అదురుతుంది, లేదా చేయి అసలు వెనక్కే వెళ్ళదు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ సంగతి చూడండి. 1986లో ప్రపంచ ర్యాంకింగ్స్ మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి నంబర్ వన్ ఆయనే. ఆయనకి ఒకసారి కాదు, కెరీర్‌లో చాలాసార్లు యిప్స్ వచ్చింది. ప్రతిసారీ కొత్త పట్టు కనిపెట్టి బయటపడ్డాడు. ఒక దశలో ఎడమ ముంజేతికి పట్టర్ కర్రని ఆనించి, రెండూ కలిపి కుడిచేత్తో బిగించి పట్టుకునేవాడు. చూడ్డానికి విరిగిన చేతికి కట్టు కట్టినట్టు ఉండేది. మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంటుని 1985లో ఒకసారి, 1993లో ఈ పట్టుతో మళ్ళీ గెలిచాడు. తర్వాత పొడుగాటి పట్టర్‌కి మారాడు. దాన్ని ఒంటికి ఆనించి కొట్టడం 2016 నుంచి నిషేధించారు, అప్పుడూ ఆగలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది 1991. కియావా ఐలాండ్‌లో రైడర్ కప్, మొత్తం మూడు రోజుల పోటీ చివరికి ఆయన ఒక్క ఆరడుగుల పట్ మీదకి వచ్చింది. పడితే కప్పు యూరప్ దగ్గరే ఉంటుంది. పడలేదు. మీరైతే ఏం చేసేవాళ్ళు? నేనైతే ఏడాది దాకా ఇంట్లోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు. ఆయన తర్వాతి వారమే జర్మనీలో టోర్నమెంటు ఆడి గెలిచాడు.

చిన్న పట్ గురించి ఇంకాస్త చెప్పాలి. హోల్ అడ్డంగా నాలుగుంబావు అంగుళాలు. టాప్ ప్రొఫెషనల్స్ ఎనిమిది అడుగుల నుంచి వేస్తే దాదాపు సగం సార్లే పడుతుంది. ఎనిమిది అడుగులంటే ఒక మంచం కంటే కొంచెం ఎక్కువ. ఈ సంగతి తెలియక మనం టీవీ ముందు కూర్చుని, అయ్యో, అదేం పోవడం అంటాం. వాళ్ళకి తెలుసు. తెలిసినా పోయినప్పుడు మనలాగే అనుకుంటారు, అదే బాధ. మూడడుగులు, రెండడుగులు అయితే ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ వేస్తే మెచ్చుకునేవాడు ఉండడు, పోతే జన్మంతా చెప్పుకుంటారు.

1970లో స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్‌లో డగ్ శాండర్స్‌కి ఓపెన్, అంటే బ్రిటిష్ ఓపెన్, గెలవడానికి చివరి హోల్‌లో మూడడుగుల పట్ మిగిలింది. బంతి ముందు నిలబడ్డాక లైన్ మీద ఏదో గోధుమరంగు మచ్చ కనపడితే, పురుగో పుల్లో అనుకుని వంగి తీయబోయాడు. చూస్తే అది మాడిన గడ్డి. మళ్ళీ నిలబడ్డాడు, కొట్టాడు, కుడివైపుగా పోయింది. స్కోర్లు సమానమయ్యాయి, మర్నాడు విజేతని తేల్చే ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ గెలిచాడు. శాండర్స్ తన కెరీర్‌లో పీజీఏ టూర్‌లో, అంటే అమెరికా పెద్ద ప్రొఫెషనల్ పోటీల్లో, ఇరవై టోర్నమెంట్లు గెలిచాడండీ. ఎవరికైనా తెలుసా? ఎవరికీ తెలియదు. ఆ పట్ మాత్రం అందరికీ తెలుసు. ముసలాయన అయ్యాక కూడా అడిగేవారు, ఇంకా గుర్తొస్తుందా అని. ఒక్కోసారి అయిదు నిమిషాల పాటు గుర్తుకు రాకుండా గడిచిపోతుంది అనేవాడు.

2012లో కొరియా అమ్మాయి ఇన్-క్యుంగ్ కిమ్‌ది అంతకన్నా చిన్న పట్. ఒక్క అడుగు. వేస్తే మేజర్ ఛాంపియన్, మేజర్లంటే ఏడాదికి నాలుగైదే ఉండే అతి పెద్ద టోర్నమెంట్లు. బంతి అంచు చుట్టూ తిరిగి బయటికి వచ్చేసింది. ఆ అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడిన తీరు మర్చిపోలేం. ప్లేఆఫ్‌లో ఓడిపోయింది. అయిదేళ్ళు పట్టింది, 2017లో మహిళల బ్రిటిష్ ఓపెన్ గెలవడానికి. మధ్యలో ఆ అయిదేళ్ళూ ఎక్కడికెళ్ళినా అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది కదా. ఆ ప్రశ్నకి నవ్వుతూ జవాబు చెప్పడం కూడా వాళ్ళ ఉద్యోగంలో భాగమే.

ఇప్పుడు కాసేపు ఓటమి గురించి. టెన్నిస్‌లో ఇద్దరు ఆడితే ఒకరు గెలుస్తారు. గోల్ఫ్‌లో మామూలు వారం వంద మందికి పైన దిగుతారు, కొన్నిసార్లు నూట యాభై పైన, గెలిచేది ఒక్కరు. ఎంత గొప్పవాడైనా ఎక్కువ వారాలు ఓడిపోయే ఇంటికి వెళ్తాడు. టైగర్ వుడ్స్ పీజీఏ టూర్‌లో 82 గెలిచాడు, అది పాత తరం ఆటగాడు శామ్ స్నీడ్‌తో సమానమైన రికార్డు, అయినా ఆడినవాటిలో నాలుగో వంతు కూడా కాదు. నిక్లాస్ 18 మేజర్లు గెలిచాడని మనకి తెలుసు. మేజర్లలో ఎన్నిసార్లు రెండో స్థానంలో వచ్చాడో తెలుసా? 19. అంటే ఆయన గెలిచినదానికంటే ఒకటి ఎక్కువే చేజారింది. చేతికందిన కూడు నోటికి అందకపోవడం అనేది వీళ్ళకి ఎప్పుడో జరిగే దురదృష్టం కాదు, వృత్తిలో రోజూ ఉండేదే.

దాని కింద ఇంకో మెట్టు ఉంది, కట్. రెండు రోజులు ఆడాక పీజీఏ టూర్ మామూలు టోర్నమెంట్లలో మొదటి 65 మంది, వాళ్ళతో సమానంగా ఉన్నవాళ్ళు ఉంటారు, మిగతావాళ్ళు సూట్‌కేసు సర్దుకోవాలి. శుక్రవారం సాయంత్రం ఒక్క స్ట్రోక్ తేడాతో ఇంటికి వెళ్తే ప్రైజ్ మనీ సున్నా. విమానం, హోటల్, కోచ్, క్లబ్బుల సంచీ మోసే క్యాడీ వారం జీతం మాత్రం జేబులోంచే. 2023 నుంచి పూర్తి సభ్యులకి ఏడాదికి 5 లక్షల డాలర్లు వచ్చేలా కనీస హామీ ఒకటి పెట్టారు, మంచిదే. కానీ ఆ పూర్తి సభ్యత్వం నిలుపుకోవడమే పెద్ద యుద్ధం. ఇదివరకు పాయింట్ల పట్టికలో 125వ స్థానం దాకా వచ్చినవాళ్ళకి కార్డు, అంటే ఆ సభ్యత్వం, ఉండేది, ఇప్పుడు 100కి కుదించారు. నూటొకటో స్థానంలో ఉన్నవాడు చెడ్డ ఆటగాడా? భూమ్మీద ఉన్న గోల్ఫర్లందరితో పోలిస్తే ఆ నూటొకటో వాడు దాదాపు దేవుడు. అతను అక్టోబరు నెలలో నిద్రపోడు.

2022లో పీజీఏ టూర్‌కి పోటీగా లివ్ గోల్ఫ్ మొదలైనప్పుడు కొందరు అటు వెళ్ళారు. డబ్బు కోసం వెళ్ళారని తిట్టారు, అది నిజమే, కాదనను. కానీ అక్కడ కట్ లేదు, ఎలా ఆడినా ఎంతో కొంత ఖాయం. శుక్రవారం సాయంత్రాలు అనుభవించినవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో మనం ఊహించగలమా? నేను వాళ్ళని సమర్థించడం లేదు, ఆ అలసట నాకు అర్థమవుతుంది అంటున్నాను.

సరే, ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం. రెండు జతల బూట్లు.

1999, స్కాట్లండ్‌లో కార్నూస్టీ. ఓపెన్ ఆఖరి హోల్. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్‌కి మూడు స్ట్రోకుల ఆధిక్యం. నాలుగు కొట్టాల్సిన చోట ఆరు కొట్టినా కప్పు అతనిదే. మీరూ నేనూ అయితే చిన్నచిన్నగా దొర్లించుకుంటూ వెళ్ళేవాళ్ళం కదా? అతను డ్రైవర్ తీశాడు, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు అది. బంతి కుడివైపు ఎక్కడికో పోయింది కానీ అదృష్టం, బతికిపోయాడు. రెండోది ధైర్యంగా గ్రీన్ వైపు, అంటే హోల్ ఉండే నున్నటి గడ్డి వైపు, కొట్టాడు. అది ప్రేక్షకుల స్టాండు కమ్మీకి తగిలి వెనక్కి ఎగిరి లోతైన గడ్డిలో పడింది. మూడోది బ్యారీ బర్న్ అనే కాలవలోకి. అప్పుడు అతను బూట్లు విప్పాడు, సాక్స్ విప్పాడు, ప్యాంటు మడిచాడు, నీళ్ళలోకి దిగి నిలబడ్డాడు. ప్రపంచమంతా చూస్తోంది. నీళ్ళలోంచే కొట్టేద్దామా అని కొన్ని నిమిషాలు ఆలోచించాడు. చివరికి మానేసి బయటికి వచ్చి, పెనాల్టీ తీసుకుని, ఇసుకలో పడి, ఎలాగో ఏడుకి ముగించాడు. ఆ ఏడో షాట్ పట్ మాత్రం అద్భుతంగా వేశాడు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. ఆ ఉదయం లారీ పది స్ట్రోకులు వెనకబడి ఉన్నాడు, పది!

దీనికి సరిగ్గా ఏడాది ముందు, 1998, అమెరికాలో బ్లాక్‌వుల్ఫ్ రన్. మహిళల యూఎస్ ఓపెన్. కొరియా నుంచి ఇరవై ఏళ్ళ సే రి పాక్. ఆమె దేశం అప్పుడు ఆర్థిక సంక్షోభంలో ఉంది, ఐఎంఎఫ్ అప్పు తీసుకున్న రోజులు. జనం అర్ధరాత్రి దాటి టీవీల ముందు కూర్చున్నారు. ప్లేఆఫ్, అదీ పద్దెనిమిదో హోల్, ఆమే ప్రత్యర్థీ సమానంగా ఉన్నారు. ఆమె బంతి చెరువు గట్టు మీద గడ్డిలో, నీళ్ళకి ఆనుకుని ఆగింది. ఆమె కూడా బూట్లు విప్పింది, సాక్స్ విప్పింది. కాళ్ళు ఎండకి నల్లబడి ఉన్నాయి, పాదాలు మాత్రం తెల్లగా సున్నం వేసినట్టు. ఎన్ని గంటలు ఎండలో బూట్లు వేసుకుని నిలబడితే అలా అవుతాయి? కొరియావాళ్ళు ఇప్పటికీ ఆ పాదాల గురించే చెబుతారు. ఆమె నీళ్ళలో నిలబడి బంతిని బయటికి కొట్టింది, బోగీతో, అంటే ఆ హోల్‌కి పెట్టిన లెక్కకంటే ఒక్క షాట్ ఎక్కువతో, బయటపడింది, ఆ తర్వాత ఇంకో రెండు హోల్స్ ఆడి గెలిచింది.

ఒకరు పిచ్చివాడయ్యారు, ఒకరు దేశానికి దేవత అయ్యారు. ఇద్దరూ చేసిన పని అదే, ఆఖరి హోల్‌లో బూట్లు విప్పి నీళ్ళలోకి దిగడం. బంతి కాస్త ఇటు పడి ఉంటే, కమ్మీకి తగిలింది అటు ఎగిరి ఉంటే, ఈ కథలు తారుమారు అయ్యేవి. జనం మాత్రం తర్వాత కూర్చుని గుండె ధైర్యం గురించి వ్యాసాలు రాస్తారు. నేనూ రాశాను లెండి. ఇప్పుడు ఆ వ్యాసం చూస్తే సిగ్గేస్తుంది.

దేశం బరువు అంటే మనకీ ఒక ఉదయం ఉంది. 2021 ఆగస్టు, టోక్యో ఒలింపిక్స్. అదితి అశోక్ మూడు రౌండ్లయ్యాక రెండో స్థానంలో ఉంది. ప్రపంచ ర్యాంకు 200. క్యాడీ వాళ్ళమ్మ. అప్పటిదాకా బోగీ అంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా తెల్లవారుజామున లేచి కూర్చున్నారు. మీలో ఎంతమంది లేచారు? చేతులెత్తండి. చూశారా. ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోయింది, నాలుగో స్థానం. వేరే ఏ టోర్నమెంట్‌లో అయినా నాలుగో స్థానం అంటే గొప్ప వారం. ఆ రోజు మనందరం కలిసి, ప్రేమతోనే, దాన్ని ఓటమి చేశాం.

ఇంకో సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ ఆటలో మన మీద మనమే ఫిర్యాదు చేసుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ క్లబ్బు పెడుతుంటే బంతి కదిలింది, ఎవరూ చూడలేదు, తనే చెప్పి ఒక స్ట్రోక్ కలిపించుకున్నాడు, ఆఖరికి ప్లేఆఫ్‌లో ఓడాడు. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజో, ఆ రోజు అతని 45వ పుట్టినరోజు, పదిహేడో హోల్‌లో మూడు కొట్టాడు. స్కోరు రాసే తోటి ఆటగాడు పొరపాటున నాలుగు వేశాడు. ఇతను చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. రూలు ప్రకారం నాలుగే ఖాయం. ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క స్ట్రోక్‌తో ఓడిపోయాడు. బయటికి వచ్చి రాసినవాణ్ణి ఒక్క మాట అనలేదు, నేనే మూర్ఖుణ్ణి అన్నాడు. నాలుగు రోజులు బంతితో పోరాడి, చివర్లో పెన్నుతో ఓడిపోవడం! ఇందాక సంతకం గురించి చెప్పాను కదా, అప్పుడే ఇది గుర్తొచ్చింది.

మరి శిఖరం ఎక్కాక? అక్కడికి చేరితే ఈ బాధంతా తీరిపోవాలి కదా? అక్కడే ఇంకో తమాషా ఉంది. 2025 జులైలో, ఉత్తర ఐర్లండ్‌లోని పోర్ట్‌రష్‌లో ఓపెన్ మొదలయ్యే ముందు, నంబర్ వన్ స్కాటీ షెఫ్లర్ ప్రెస్ ముందు కూర్చుని విచిత్రంగా మాట్లాడాడు. గెలవడం కోసం జీవితమంతా కష్టపడతాం, గెలుస్తాం, ఆ ఆనందం కొన్ని నిమిషాలు ఉంటుంది, ఆ తర్వాత రాత్రికి ఏం తిందాం అనే ప్రశ్నే మిగులుతుంది, ఇది మనసు లోతుల్లో నింపే విషయం కాదు, అసలు ఎందుకు ఇంత కావాలనుకుంటానో నాకే తెలియదు, అనే అర్థం వచ్చేలా చెప్పాడు. విలేకరులు తెల్లమొహం వేశారు. ఆదివారం నాడు ఆ ఓపెన్ అతనే గెలిచాడు, నాలుగు స్ట్రోకుల తేడాతో. నాకు ఆ మాటలు నిరాశలా అనిపించలేదు. ఆ గడియారం అంత ముఖ్యం కాదని తెలిసినవాడి మాటల్లా అనిపించాయి.

అందరికీ అది అంత తేలిగ్గా రాదు. డేవిడ్ డువల్ 1999లో నంబర్ వన్, అదే ఏడాది ఒక రౌండు 59 కొట్టాడు, 2001లో ఓపెన్ గెలిచాడు. అంతే. ఆ తర్వాత పీజీఏ టూర్‌లో మళ్ళీ ఒక్కటీ గెలవలేదు. ఇయాన్ బేకర్-ఫించ్ 1991 ఓపెన్ ఛాంపియన్, ఆరేళ్ళ తర్వాత అదే ఓపెన్‌లో ఒక రౌండు 92 కొట్టి తప్పుకున్నాడు. తొంభై రెండు అంటే ఆదివారం ఆడే మనలాంటివాళ్ళ స్కోరు. మెక్సికో అమ్మాయి లొరేనా ఒచోవా 2010లో నంబర్ వన్‌గా ఉండగానే, ఇరవై ఎనిమిదేళ్ళకే, ఇక చాలు అని ఇంటికి వెళ్ళిపోయింది. అందరూ ఎందుకు, ఎందుకు అన్నారు. నేనూ అప్పుడు అన్నాను. ఇప్పుడు అనను.

గ్రేసన్ మర్రీ పేరు చెప్పకుండా ఈ విషయం మాట్లాడితే తప్పు. 2024 జనవరిలో హవాయిలో టోర్నమెంటు గెలిచాడు. తాగుడు గురించి, డిప్రెషన్ గురించి దాచుకోకుండా అందరి ముందూ చెప్పినవాడు. మే నెలలో, ముప్పై ఏళ్ళకి, తన ప్రాణం తానే తీసుకున్నాడు. దీనికి కారణం గోల్ఫ్ అని నేను అనను, అనే హక్కు నాకు లేదు. కానీ అంతకుముందు 2021లో మాథ్యూ వుల్ఫ్ అనే కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు, మనసు బాగాలేదని చెప్పి రెండు నెలలు ఆట ఆపేస్తే, వెనకాల కొందరు మెత్తనివాడు అన్నారు. ఇలాంటి మాటలు అనేవాళ్ళు మన మధ్య కూడా ఉంటారు. అనకండి. ఎవరైనా బాగాలేదు అంటే నమ్మండి, దగ్గర కూర్చోండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మరి నిలబడినవాళ్ళు ఎలా నిలబడ్డారు? దీనికి నా దగ్గర మంత్రం లేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. థాయిలాండ్ అమ్మాయి ఆరియా జుటానుగర్న్ 2016లో ఒక మేజర్‌లో ముందుండి, చివరి మూడు హోల్స్ మూడూ బోగీ చేసి పోగొట్టుకుంది. ఆ తర్వాత ప్రతి షాట్‌కి ముందు నవ్వడం మొదలుపెట్టింది. ఊరికే, బంతి మీదకి వెళ్ళే ముందు ఒక చిన్న నవ్వు. ఆ మే నెలలో వరసగా మూడు టోర్నమెంట్లు గెలిచింది, తర్వాత అదే ఏడాది మహిళల బ్రిటిష్ ఓపెన్. నవ్వితే బంతి లోపల పడుతుందా? పడదు. కానీ నవ్వు పెదాల మీద పెట్టాలి అనే పని ఒకటి ఉంటే, ఆ రెండు సెకన్లు బుర్ర మణికట్టు జోలికి పోదు. బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడుతూ పెట్టండి, సరిగ్గా వస్తుంది. నేను పరీక్షించాను.

మెకిల్‌రాయ్‌తో ఆపేస్తాను, టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. 2011 మాస్టర్స్‌లో ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో ఆదివారం మొదలుపెట్టి 80 కొట్టాడు. రెండు నెలలకే యూఎస్ ఓపెన్‌ని ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు. 2014 కల్లా నాలుగు మేజర్లు. ఆ తర్వాత పదేళ్ళకి పైగా ఒక్కటీ లేదు. 2024 యూఎస్ ఓపెన్‌లో, పైన్‌హర్స్ట్‌లో, చివరి మూడు హోల్స్‌లో రెండు చిన్న పట్‌లు పోగొట్టుకుని ఒక్క స్ట్రోక్‌తో ఓడాడు, ఎవరితో మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు. 2025 మాస్టర్స్ చివరి హోల్‌లో గెలవడానికి మళ్ళీ చిన్న పట్. మళ్ళీ పోయింది. ప్లేఆఫ్. అదే హోల్‌కి మళ్ళీ వెళ్ళాడు, అదే గ్రీన్, ఈసారి ఇంకాస్త దగ్గర. పడింది. అతను చేతులు పైకెత్తాడు, మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. పక్కన ఓడిన జస్టిన్ రోజ్‌కి అది రెండో మాస్టర్స్ ప్లేఆఫ్ ఓటమి, ఆయన గురించి కూడా ఎప్పుడైనా మాట్లాడుకోవాలి.

తమ్ముడూ, ఒకసారి రా. బంతి ఇందాక పెట్టినచోటే ఉంది, ఇంతసేపూ అక్కడే ఉంది. గడియారం సంగతి మర్చిపో. చూశారా, మర్చిపో అన్నాను, ఇప్పుడు అతనికి గడియారమే గుర్తొస్తుంది, తప్పు నాదే. సరే, నేనేం మాట్లాడను. మీరు కూడా అతని వైపు చూడకండి, నిశ్శబ్దంగా అసలు ఉండకండి, మాట్లాడుకుంటూ లేవండి, కుర్చీలు జరపండి, పదండి. అతన్ని వదిలేద్దాం.